పావు తిప్పు

శుక్రవారం పలకల ఫ్యాక్టరీకి సెలవు.
మార్కాపురంలో, కంభం రోడ్డు పక్కన
కాశింపీరా రిపేరు షాపు షట్టరు సగం దించి
విప్పదీసిన కూలర్ల మధ్య
ఐదుగురం సర్దుకుని కూర్చుంటాం.

ఎవరి పాట వాళ్లు తెచ్చుకోవాలి.
అంచు విరిగిన పలక మీద బలపంతో పేరు రాయాలి.
విన్నాక దొండాకుతో తుడిచెయ్యాలి.
వెంటనే బాగుందనకూడదు.
అది ఇజ్రాయేలు పెట్టిన షరతు.
"టీ తాగినంతసేపు గమ్మునుండండబ్బా,
పాటను లోపలికి దిగనీండి" అంటాడు.

ఒక్క పాటకే పేరు లేదు.
పేరు లేనిదానికి పలక మాత్రం ఏం పలుకుతుంది,
ఊరికే ఒక గీత గీసేవాళ్లం.
తర్లుపాడు సంతలో పాత ఇనుము కింద దొరికిన క్యాసెట్టు.
ఒక పక్కంతా రైతులకు సలహాలు.
రెండో పక్క, పచ్చపురుగు మందు మోతాదు చెబుతూ చెబుతూ
మాట తెగిపోయి
ఒక ఆడగొంతు.
సన్నగా, గబగబా,
సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు.
వెనకెక్కడో ఎవరో దగ్గుతారు.
ఆ దగ్గు కూడా మాకు కంఠతా వచ్చు.

పదకొండేళ్లు విన్నాం.
ఇజ్రాయేలు చర్చి హార్మోనియం మీద
దాన్ని ప్రార్థనలా నడిపించి మమ్మల్ని ఏడిపించాడు.
బ్యాండుమేళం ఓబులేసు క్లారినెట్టు మీద ఎత్తుకుంటే
పెళ్లికొడుకు ఊరేగింపు ఆపి, మళ్లీ వాయించమన్నాడంట.
పీరా కూతురు మునీరా దానికి ఫోన్లో డప్పు కలిపితే
చెన్నకేశవులు సారు వారం రోజులు
ఆ పిల్లతో మాట్లాడలేదు.
ఎనిమిదో రోజు వచ్చి
"ఏదీ, ఇంకోసారి పెట్టు" అన్నాడు.

నేను కండక్టర్ని, ఒంగోలు బస్సు.
ఆ రోజు చీమకుర్తిలో ఎక్కిందొకామె
కొంగు మీద గ్రానైటు పొడి దులుపుకుంటూ.
పొదిలికి టికెట్టు.
చిల్లర లెక్కపెడుతూ గొంతులోనే ఏదో తీస్తోంది.
'ఎండుటాకుల వాసన ఏ చేతికంటెనో...'
నా చేతిలో మిషను ఆగిపోయింది.
మాటలు అవే.
పాట మాత్రం లావుగా ఉంది,
నీళ్ల బిందె చంకన పెట్టుకుని నడిచే మనిషిలా.

"అవ్వా, అదెవరి పాట?"
"ఎవరిదేంది, ఆకు గ్రేడింగులో అందరిదీ.
టంగుటూర్లో నా పక్క పీట సుందరమ్మ పాడేది.
రేడియో వాళ్లొచ్చిననాడు దానికి జొరం.
నన్ను పాడమంటే, దానిమాదిరే పాడినా."

శుక్రవారం చినవెంగమ్మ కోసం
షట్టరు పూర్తిగా ఎత్తాం.
పీరా మీట నొక్కాడు.
తల వాల్చి విన్నది, విన్నది,
పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.
"ఇదెవురు, ఎలకపిల్ల మాదిరి?
నేనట్టా పరిగెత్తే మనిషిని కాదే!"

టీ రాకముందే అందరం గమ్మునైపోయాం.

పీరా మాట్లాడకుండా మూత విప్పాడు.
స్క్రూడ్రైవరు మోటారు కంతలో పెట్టి పావు తిప్పు.
గొంతు ఒక మెట్టు దిగింది.
ఇంకో పావు.
ఆమె కళ్లు మూసుకుని చెయ్యెత్తింది.
"ఆఁ. ఆడ ఆపు."

పదకొండేళ్లుగా మా మిషనే పరిగెడతా ఉందన్నమాట.

అప్పుడు వెనక నుంచి దగ్గు వచ్చింది.
అది కూడా బరువెక్కి ఉంది.
చినవెంగమ్మ చప్పున కళ్లు తెరిచింది.
"సుందరమ్మ!
జొరంతోనే వచ్చి కూచుంది,
యాడన్నా తప్పు పాడతానేమోనని."
మళ్లీ పెట్టమంది.
పాట కాదు, ఆ దగ్గు.
మూడుసార్లు.

ఆ సాయంత్రం పలక మీద రెండు పేర్లు రాశాం.
ఏది పైన ఉండాలో తేలక
పక్కపక్కన.

మళ్లీ శుక్రవారం
చెన్నకేశవులు సారు జేబులో ఖాళీ క్యాసెట్టు తెచ్చాడు.
అటూ ఇటూ చూసి, పీరా చెవిలో:
"స్క్రూ తిప్పకముందుది... ఒక కాపీ..."
పీరా తలెత్తకుండా అన్నాడు:
"ఎలకపిల్లేనా? మూడో మనిషివి సారూ నువ్వు."

మొదట అడిగింది నేనే.